తలకిందుల కట్లపాము

“దిద్దొద్దంటే దిద్దొద్దు! అది మా మామగారు గీసిన బొమ్మ,” అంటూ బొల్లమ్మ కోడలి మీది కోపమంతా రోట్లోని చింతకాయల మీద తీర్చుకుంది.

“దిద్దానా ఏం? నిన్న పొద్దున్నించీ నిచ్చెన కింద అడ్డంగా పడుకుంటివి కదత్తా,” అంది చెంగల్వ. ఆమె పెరట్లో కూర్చుని పాముల బుట్టలకు పేడ అలుకుతోంది. “నువ్వు లేచి ఉంటే ఇవాళ పట్టాభిషేకానికొచ్చిన యాభై ఆరు దేశాల రాజులూ సరైన పామును చూసేవాళ్లు. ఇప్పుడు తలా తోకా తెలీని పామును చూసి, బాగుంది బాగుంది అనుకుంటూ పోతారు.”

“అనుకోనీ! ముప్ఫై ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. ఇన్నాళ్లూ తెలియంది ఇవాళ నీ మూలాన తెలియాలా? లింగప్పకు పాము తలేదో తోకేదో తెలీదని ఊరంతా నవ్వాలా?”

“మామా, నువ్వు చెప్పు. కట్లపాముకు పట్టీలు ఎక్కడ ముదురు?”

అరుగు మీద కూర్చున్న కేతయ్యకు ‘తోక దగ్గర’ అన్న జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో రోట్లో పోటు ఆగింది. ఆ నిశ్శబ్దం ఆయనకు బాగా తెలుసు.

“చల్ది ఏమన్నా మిగిలిందా?” అన్నాడు కేతయ్య.

పుష్పగంధి రాజ్యంలో మహారాజు కోటలో ఏనుగులశాల, గుర్రాలశాలలాగే ఒక పాములశాల ఉంది. రాజవైద్యులకు విషం కావాలి కనుక అందులో పాములను పెంచుతారు. మూడు తరాలుగా దాని అధికారం కేతయ్య ఇంటిది. కేతయ్య తండ్రి లింగప్ప మంచి చిత్రకారుడు కూడా. వచ్చినవాళ్లు పాములను గుర్తుపట్టడం నేర్చుకోవాలని శాల బయటి గోడ మీద నిలువెత్తు కట్లపామును గీశాడు. నిజం కట్లపామునొకదాన్ని తోకకు తాడు వేసి దూలానికి వేలాడగట్టి, నెల రోజులు చూస్తూ చూస్తూ గీశాడు. పొలుసు పొలుసునూ తీర్చాడు. తీరా కళ్లూ నాలుకా పెట్టే రోజున పాము తాడు తెంపుకుని పోయింది. లింగప్ప కాసేపు తికమకపడి, తోక ఉండాల్సిన చోట తల పెట్టేశాడు.

నిజం కట్లపాముకు తెల్లటి పట్టీలు తల వైపు ఉండీ లేనట్టుండి, తోకకు పోయేకొద్దీ స్పష్టమవుతాయి. లింగప్ప పాముకు మెడ దగ్గరే పట్టీలు మెరిసిపోతుంటాయి. ఆ ఇంటికి కోడలిగా వచ్చే ప్రతి పిల్లకూ అత్తగారు మొదటి వారంలోనే చెవిలో చెబుతుంది: ‘గోడ మీద పామును తలకిందులుగా చదువుకో. బయట మాత్రం అనకు.’

చెంగల్వ ఎనిమిదేళ్లుగా అనలేదు. కానీ పట్టాభిషేకం వస్తోందని కోట నుంచి సున్నం, రంగులు పంపి, గోడలు కొత్తగా తీర్చమన్నారు. ఇదే అదను, దిద్దేద్దాం అంది చెంగల్వ. అక్కడ మొదలైన తగవు ఇది మూడో రోజు.

అయితే ఆ ఇంట్లో దాచుకున్న గుట్టు అదొక్కటే కాదు. కేతయ్య కళ్లకు పొరలు కమ్మి ఎనిమిదేళ్లయింది. కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో పింజర కాటుకు మొద్దుబారిపోయింది. కొడుకు సింగన్న మంచివాడు, అందగాడు. వెదురు బద్దలతో అతడు అల్లిన బుట్టలోంచి చీమ కూడా బయటపడలేదు. కానీ వానపామును చూస్తే చాలు, సింగన్న గోడెక్కుతాడు. అందుకని ఎనిమిదేళ్లుగా సింగన్న పేరు చెప్పుకుని, అతడి తలపాగా చుట్టుకుని, మేక వెంట్రుకల మీసం తుమ్మజిగురుతో అంటించుకుని, మామగారి వెంట కోటకు వెళ్లి పాములను పట్టేది, విప్పేది, వేరు చేసేది చెంగల్వ. ఆడది పాములశాల గడప తొక్కితే ఇంటిల్లిపాదికీ దేశబహిష్కారం. ఆ రాజ్యంలో అది పాత కట్టడి. ఎంత పాతదంటే, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు.

“చల్ది లేదు,” అంది బొల్లమ్మ. “మీ కోడలు బొమ్మ దిద్ది వచ్చాక వండుతుందేమో అడగండి.”

సరిగ్గా అప్పుడే వీధిలో గుర్రపు డెక్కల చప్పుడు వినబడింది. కోట భటుడు ఒకడు గుర్రం దిగకుండానే ప్రహరీ మీదుగా అరిచాడు.

“కేతయ్యా! సింగన్నా! రథం వస్తోంది, ఎక్కండి! యువరాజుగారు పామైపోయారు!”

పెరటి గదిలో బుట్ట అల్లుతున్న సింగన్న ఆ మాటకు నిట్టాడి స్తంభం పట్టుకుని సగందాకా ఎక్కేశాడు.

“నువ్వు దిగకు,” అంది చెంగల్వ చేతులు కడుక్కుంటూ. “ఆ తలపాగా ఇటు పడెయ్.”

ఆ ఉదయం పుష్పగంధి నగరాన్ని చూసి తీరాలి. ఏడు వీధులకూ ఏడు రంగుల పందిళ్లు వేశారు. ప్రతి గుమ్మానికీ బంతిపూల దండలు, ప్రతి మేడ మీదా పట్టుజెండాలు. కోటదారి పొడుగునా పచ్చకర్పూరం కలిపిన నీళ్లు చల్లారు. చెరుకు గడలతో కట్టిన తోరణాల కింద పన్నీటి బుడ్లు పట్టుకుని ముత్తయిదువలు నిలబడ్డారు. ఆ పందిళ్ల కిందుగా, ఆ పన్నీటి బుడ్లను ఎగరగొట్టుకుంటూ రథం దూసుకుపోయింది. పేలాల గంప ఒకటి తిరగబడి తెల్లటి మేఘంలా లేచింది. మీసం ఇంకా ఆరలేదు. చెంగల్వ ఒక చేత్తో రథం అంచు, రెండో చేత్తో పై పెదవి పట్టుకుని కూర్చుంది. పేలాలు రెండు వచ్చి మీసానికి అంటుకున్నాయి.

“ఊపిరి గట్టిగా తీయకమ్మా,” అన్నాడు కేతయ్య.

“నా పేరు సింగన్న మామా. అమ్మా గిమ్మా అనకు.”

“అలాగే తల్లీ.”

అభ్యంగన మండపంలో గోలగోలగా ఉంది. పాలరాతి నేల మధ్య, యువరాజు మంగళస్నానానికి పెట్టిన వెండి గంగాళంలో నీళ్లు లేవు. నలభై పాములు లుకలుకలాడుతున్నాయి. మహారాజు జయకేతనుడు సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం నురగతో అలాగే నిలబడి ఉన్నాడు. మహారాణి చేతిలో హారతి పళ్లెం ఊగుతోంది. మంత్రులు ఆరుగురూ ఒకే పీట మీదికెక్కారు.

జరిగింది మహారాజే చెప్పాడు. నిరుడు మాంత్రికుడు ధూమజిహ్వుడు పన్నెండుమంది రాజకుమారులను చిలుకలుగా మార్చి తన గుహలో పెట్టుకుంటే, యువరాజు వసంతధ్వజుడు పిట్టలవాడి వేషంలో వెళ్లి పన్నెండు పంజరాలూ ఎత్తుకొచ్చేశాడు. ఆ పగ వాడు మరిచిపోలేదు. ఈ ఉదయం యువరాజు ఒంటికి గంధం పూస్తుండగా గుప్పున పొగ కమ్మింది. పొగ విడిపోయేసరికి గంగాళంలో పాములు, కప్పులో ఒక నవ్వు.

ఆ నవ్వు ఇంకా అక్కడే ఉంది. మండపం కప్పు కింద నల్లటి పొగ ఒకటి సుడి తిరుగుతూ మాట్లాడింది.

“వచ్చావా కేతయ్యా? షరతు విను. ఈ నలభైలో ఒకడు మీ యువరాజు. కర్రతో ఎన్నిసార్లు కదిపినా సరే. చేత్తో మాత్రం ఒక్కసారే పట్టుకుని, పేరు పెట్టి పిలవాలి. సరిగా పిలిస్తే మనిషవుతాడు. తప్పు పిలిస్తే పిలిచినవాడు కూడా పామై గంగాళంలో పడతాడు. మధ్యాహ్నపు నగారా మోగిందా, ఇక ఎవరు పిలిచినా వాడు పామే!”

“ఇంకొకటి కూడా చెప్పాలి,” అన్నాడు మహారాజు నీరసంగా. “ఇందాక మా ఆస్థాన జ్యోతిష్కుడు నరహరిభట్టుగారు లగ్నం కట్టి చూసి, ఒక పామును పట్టుకుని యువరాజా అని పిలిచారు.”

“ఏరీ ఆయన?” అన్నాడు కేతయ్య.

మహారాజు గంగాళం వైపు చూపించాడు.

“కేతయ్యా, నగారాకు గడియకు మించి లేదు. నా కొడుకు నాకు దక్కితే నువ్వేది అడిగితే అది ఇస్తాను. దక్కకపోతే...” మహారాజు నురగ తుడుచుకున్నాడు. ఆయన చెప్పని ఆ రెండో సగమేమిటో కేతయ్యకూ, చెంగల్వకూ తెలుసు.

చెంగల్వ కొంకికర్ర తీసుకుని రెండు ఖాళీ గంగాళాలు తెప్పించుకుంది. గొంతు బొంగురు చేసి, “నాయనా, మీరు గుర్తులు చెప్పండి. నేను వేరు చేస్తా,” అంది. చూపు ఆనని మామగారిని కాపాడడానికి ఎనిమిదేళ్లుగా వాళ్లు ఆడుతున్న నాటకం అది. గుర్తులు ఆయన నోట, చూపు ఆమె కంట.

కేతయ్య తలెత్తి, పాఠం చెప్పే పంతులులా గొంతు సవరించుకున్నాడు.

“మహారాజా, ఇక్కడున్నవి రెండు జాతులు. ఒకటి కట్లపాము. నిద్రలో కాటేస్తే లేవకుండానే పోతాం. రెండోది ఉత్తకట్ల. విషం లేదు, బల్లులను తిని బతుకుతుంది. రెండూ నల్లనివే, రెంటికీ తెల్లపట్టీలే. అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. సింగా, మొదటిది.”

కొంకికి ఒకటి వేలాడింది. మెడ కింద పట్టీలు సున్నం గీతల్లా మెరుస్తున్నాయి. తోకకు పోయేకొద్దీ మాసిపోయాయి.

“మెడ దగ్గర ముదురు, తోక దగ్గర లేత,” అంది చెంగల్వ.

“వెన్ను?”

“పొలుసులన్నీ ఒకే తీరు. సన్నబియ్యం చల్లినట్టు.”

“ఉత్తకట్ల. ఎడమకు.”

రెండోదాని మెడ నున్నటి నలుపు. పట్టీలు నడుం దాటాక గాని తేలలేదు. జంటలు జంటలుగా సన్నని గీతలు, తోక చివరిదాకా స్పష్టంగా ఉన్నాయి. వెన్ను మీద నడిమధ్య ఒక వరస పొలుసులు మిగతా వాటికంటే పెద్దవి, ఆరు మూలలవి, ఇంటికప్పు నడికొప్పున పరిచిన పెంకుల్లా ఉన్నాయి.

“కట్ల. కుడికి. మహారాజా, కాస్త వెనక్కి జరగండి. మంత్రిగారూ, మీరు ఇంకా పైకి ఎక్కనక్కర్లేదు, ఆ పీట పడుతుంది.”

పీట పడింది. ఆరుగురు మంత్రుల్లో నలుగురు నేల మీదా, ఒకరు మహారాణి గొడుగు మీదా, మిగిలిన ఒకరు ఎడమ గంగాళంలోనూ పడ్డారు. గంగాళంలో ఉన్నది ఉత్తకట్ల ఒక్కటే. ఆయన ఆ సంగతి వినే స్థితిలో లేడు. ‘పోయాను, పోయాను’ అంటూ పొర్లాడాడు. ఆ కోపిష్టి ఉత్తకట్ల ఆయన పట్టుచొక్కాను కొరికి పట్టుకుని వేలాడింది.

“ఏం కాదు స్వామీ, చీమ కుట్టినట్టే,” అంటూ చెంగల్వ ఆయనను జుట్టు పట్టి పైకి లాగి, పామును కొంకితోనే ఊడదీసి, మళ్లీ గంగాళంలో వేసింది. కట్లలకు మాత్రం ఆ గోలేమీ పట్టలేదు. పట్టపగలు వాటికి మబ్బు. తలను చుట్టల కింద దూర్చుకుని ముద్దలుముద్దలుగా పడి ఉన్నాయి. కప్పు మీది పొగ కిలకిలా నవ్వింది.

చెంగల్వ చేతి వేగం పెరిగింది. ఎడమకు, కుడికి, ఎడమకు, ఎడమకు, కుడికి. ఇంట్లో బియ్యం చేటలో పోసి మెరికలు ఏరేటప్పుడు కూడా ఆమె చేయి అలాగే ఆడుతుంది. ఒకటి కొంకి మీద నుంచి జారి హారతి పళ్లెంలోకి దూకింది. ఒకటి నురగ గిన్నెలో తల దూర్చి, పట్టీలన్నీ తెల్లబడి బయటికొచ్చింది. దాన్ని కొంకి మీదే నీళ్లు పోసి కడిగి మరీ వేరు చేయాల్సి వచ్చింది. చివరికి గంగాళం అడుగున రెండే మిగిలాయి.

మొదటిదాన్ని ఎత్తి చెంగల్వ ఆగిపోయింది. మెడ దగ్గర పట్టీలు తళతళ. తోక దగ్గర లేత. అయితే ఉత్తకట్ల. కానీ వెన్ను మీద ఆరు మూలల పెంకుల వరస! అయితే కట్ల. రెండోదీ అంతే.

“ఏమైంది సింగా?” అన్నాడు కేతయ్య.

చెంగల్వ ఆయన చెవి దగ్గరికి వంగింది. “మామా, మన గోడ మీది పాము.”

“ఆఁ?”

“తాతగారి పాము. పొలుసులు కట్లవి, పట్టీలు తలకిందులు. దేవుడు ఇలాంటిదాన్ని పుట్టించలేదు. మన తాతే పుట్టించాడు.”

చెంగల్వకు చటుక్కున మొన్న పాములశాల గోడ దగ్గరికి వచ్చిన సున్నం మనిషి గుర్తుకొచ్చాడు. చేతిలో సున్నపు బిందె, కుంచె. కానీ పంచె మీద ఒక్క చుక్క లేదు. వేళ్ల సందుల్లో ఒక్క పొక్కు లేదు. జన్మలో సున్నం ముట్టని చేతులు. బొమ్మ ముందు పూటంతా నిలబడి, ‘ఎంత బాగా గీశారండీ’ అన్నాడు. అత్తగారు పొంగిపోయి వాడికి మజ్జిగ కూడా పోసింది. పాముల సంగతి తెలియని మాంత్రికుడు పాము రూపం నేర్చుకోవడానికి ఈ రాజ్యంలో అంతకంటే మంచి చోటేముంది?

“రెండున్నాయి నాయనా,” అంది అందరికీ వినబడేలా. “ఒకటి యువరాజు, ఒకటి భట్టుగారు.”

“ఆ నిగనిగలాడేదే మా అబ్బాయి!” అని మహారాణి కేక వేసింది. నిజమే. ఒకటి కొత్త పట్టులా మెరుస్తోంది, రెండోది బూడిదరంగులో ముడతలు పడి ఉంది. “కుర్రవాడి ఒంటి నిగారింపు తెలియడం లేదూ? అదే, అదే!” అని మంత్రులు కూడా అందుకున్నారు.

“పట్టుకో సింగన్నా!” అన్నాడు మహారాజు.

చెంగల్వ చేయి చాచి, వెనక్కి తీసుకుంది. “ప్రభూ, కుబుసం విడిచిన పాము ముసలిదైనా మెరుస్తుంది. విడవబోయేది పడుచుదైనా మాసి ఉంటుంది. నిగారింపును బట్టి వయసు చెప్పలేం.”

“మరి దేన్ని బట్టి చెబుతావయ్యా?”

చెంగల్వ రెండు పాములనూ మార్చి మార్చి చూసింది. బురుజు మీద నగారావాడు కర్రలు తీసుకోవడం కిటికీలోంచి కనబడుతోంది. తప్పు పిలిస్తే తను గంగాళంలో పడుతుంది. ఏదీ పిలవకపోతే మామగారి తల పడుతుంది. ఇంట్లో నిట్టాడి ఎక్కి కూర్చున్నవాడు ఎన్నాళ్లు అక్కడే ఉంటాడు?

ఆత్రంలో కొంకి తగిలి మెరిసే పాము వెల్లకిలా తిరగబడింది.

చెంగల్వ నోరు తెరిచింది. మీసం ఒక కొస ఊడింది.

పాము పొట్ట కింద అడ్డపొలుసులు ఉండాలి, నిచ్చెన మెట్లలా. అవి లేవు. గోడ మీది బొమ్మలో లింగప్ప వీపునే గీశాడు గాని పొట్టను గీయలేదు కదా! బొమ్మలో లేనిదాన్ని ధూమజిహ్వుడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? మనిషికి ఉన్నదే అలాగే వదిలేశాడు. మెత్తటి చర్మం, దాని మీద నెరిసిన వెంట్రుకలు, ఏటవాలుగా జందెపు చార, నడుమ లోతైన బొడ్డు. పాము సిగ్గుపడినట్టు గబగబా బోర్లాపడింది.

“భట్టుగారూ, క్షమించండి,” అని గొణిగి, చెంగల్వ కొంకితో రెండోదాన్ని తిప్పింది. ముడతల వీపు కింద నున్నటి పొట్ట. దాని మీద ఇంకా ఆరని మంచిగంధం పూత.

నగారా కర్ర గాలిలోకి లేచింది. చెంగల్వ రెండు చేతులా ఆ పామును ఒడిసిపట్టింది.

“వసంతధ్వజా! యువరాజా! లే!”

ఢాం అని నగారా మోగడం, పెళ్లున వెలుగు పగలడం ఒక్కసారే జరిగాయి. చెంగల్వ చేతుల్లో పాము బరువెక్కింది, ఇంకా బరువెక్కింది. చివరికి ఆరడుగుల యువరాజు మెడ ఆమె పిడికిట్లో ఉంది. ఒంటి నిండా గంధం, నడుముకు తువ్వాలు. అతడు కళ్లు మిటకరించి ఆమె మొహంలోకి చూశాడు. పెదవులు కదల్చకుండా, “అక్కా, మీసం ఊడుతోంది,” అన్నాడు.

చెంగల్వ చటుక్కున మీసం అదుముకుంది.

మండపమంతా జేజేలు. ఆ సందట్లోనే ఆమె, షరతూ గడువూ యువరాజుకే కదా అని మెరిసే పామును పట్టుకుని, “నరహరిభట్టుగారూ!” అని కూడా పిలిచేసింది. ఆయన బూరెలా పొంగి లేచి, “అందుకే నేను ముందే చెప్పాను, లగ్నంలో రాహువు ఉన్నాడని!” అంటూ వదిలిన మాటను అక్కణ్ణుంచే అందుకున్నాడు.

కప్పు మీది పొగ మాత్రం నవ్వు ఆపేసింది. గిర్రున తిరుగుతూ కిందికి దిగి, సున్నపు కుంచె పట్టుకున్న మనిషైంది.

“ఎలా కనిపెట్టావు? పొలుసుకు పొలుసు, పట్టీకి పట్టీ సరిగ్గా దింపానే!”

“సరిగ్గానే దింపారు. ఆ బొమ్మే తప్పు,” అంది చెంగల్వ.

చెంగల్వ ఆ మాట అంటుంటే కేతయ్య కళ్లు మూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ల పరువు పాలరాతి నేల మీద పడి బద్దలైంది. ఆశ్చర్యంగా ఎవరూ నవ్వలేదు. నవ్వింది యువరాజు ఒక్కడే, అదీ పొట్ట పట్టుకుని.

ధూమజిహ్వుడి మొహం సున్నం కంటే తెల్లబడింది. “నవ్వు, నవ్వు! రూపం తిరిగి ఇచ్చాను గాని, నీడ ఇవ్వలేదు. కిందికి చూసుకో!”

అందరూ చూశారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, యువరాజు పాదాల కింద మనిషి నీడ లేదు. చుట్టచుట్టుకున్న పాము నీడ ఉంది. అది మెల్లగా తల ఎత్తింది.

“నలభై రోజులు! ఆ లోపు పడమటి సముద్రంలోని సర్పద్వీపానికొచ్చి, నా పెట్టెలో ఉన్న నీడను విడిపించుకో. లేకపోతే నీడ ఎలా ఉందో మనిషి అలా అవుతాడు. ఆ ద్వీపంలో ప్రతి పాముకూ అచ్చుగుద్దినట్టు ఉండే జోడీ ఒకటుంది. ఒకటి దారి ఇస్తుంది, రెండోది ప్రాణం తీస్తుంది. ఈసారి బొమ్మలు చూసి చేసినవి కావు!” కుంచెను నేలకేసి కొట్టి వాడు పొగై కిటికీలోంచి పోయాడు.

మహారాజు చెంగల్వ భుజం మీద చేయి వేశాడు. “సింగన్నా, ఆ ద్వీపంలో యువరాజు పక్కన నడవగలిగినవాడివి నువ్వొక్కడివే. రేపు ఉదయమే నౌక సిద్ధంగా ఉంటుంది.”

ఇంటికి చేరేసరికి ఎండ ఏటవాలైంది. అప్పటికి వార్త ముందే వచ్చేసింది. బొల్లమ్మ గుమ్మంలోనే ఎదురై, “చూశారా? నేను దిద్దనివ్వకపోబట్టే యువరాజు దొరికాడు!” అంది.

నలుగురూ విస్తళ్ల ముందు కూర్చున్నాక గాని అసలు మాట బయటికి రాలేదు.

“నేను పోతాను,” అన్నాడు కేతయ్య. “ముసలాణ్ణి, పోయినా నష్టం లేదు.”

“పోయి ఏ పామును పట్టుకుంటారు? పప్పుగిన్నె అనుకుని నీళ్లచెంబులో చేయి పెట్టారు ఇందాక!” అంది బొల్లమ్మ. “ఊరే వదిలేద్దాం. మా పుట్టింటివాళ్లు అడవి అవతలే ఉన్నారు. బుట్టలు అల్లుకుని బతకొచ్చు.”

“నలభై రోజులకు ఆ పిల్లవాడు పామవుతాడమ్మా,” అన్నాడు సింగన్న. అతడి మొహం పాలిపోయింది. ముద్ద చేతిలోనే ఉంది. అయినా తల ఎత్తి చెప్పాడు. “రాజుగారు పిలిచింది నా పేరు. నేనే వెళతాను. కళ్లు మూసుకునైనా వెళతాను.”

చెంగల్వ అతడి వైపు చూసింది. పాములంటే గోడెక్కే మనిషి నేల మీద కూర్చుని ఆ మాట అన్నాడు. ఎనిమిదేళ్లలో అతడు ఆమెకు ఇంత అందంగా ఎప్పుడూ కనబడలేదు.

ఆమె మజ్జిగ కుండ తెచ్చి, అత్తగారి విస్తట్లో పోసింది. మామగారి విస్తట్లో పోసింది. సింగన్న దగ్గరికొచ్చి గరిటె ఆపి, గొంతు పెంచకుండా, రేపు ఏం కూర వండాలో చెబుతున్నట్టు చెప్పింది.

“రేపు ఓడ ఎక్కేది నేను. తలపాగా, మీసం ఇంట్లోనే పెట్టి వెళతాను. ఇన్నేళ్లూ పాములశాల గడప తొక్కింది కేతయ్య కోడలు చెంగల్వ అని, రేవులో మహారాజుకు నా నోటితోనే చెబుతాను. బహిష్కరిస్తే ఓడ ఎటూ బయటికే పోతుంది. మీరు ముగ్గురూ కూడా బట్టలు సర్దుకోండి, నాతో వస్తున్నారు.”